మాబు సాహెబ్ ముగ్గు పోసిన తోట

పెళ్లైన కొత్తలో జానీబీ మొగుడి చేత మూడుసార్లు సబ్బుతో చేతులు కడిగించింది. మూడోసారి కూడా పురుగుమందు కంపు పోకపోయేసరికి, "సరేలే, నాకు దక్కిన అత్తరు ఇదేనేమో" అని అన్నం పెట్టింది. ఆ కంపు ఎక్కడుందో మాబు సాహెబ్‌కి మాత్రం అంతుపట్టలేదు. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని ఎంత పీల్చినా ఆయనకి సబ్బు వాసనే వచ్చింది.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. పత్తికీ మిరపకీ పురుగుమందు కొట్టే పంపులు బాగుచెయ్యడం ఆయన పని. చేతిపంపులతో మొదలుపెట్టి, పెట్రోలుతో నడిచే తైవాన్ పంపుల దాకా వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లలో రైతుల వీపుకెక్కే పంపుల్లో ఆయన చెయ్యి పడనిది తక్కువ. తొంభై ఏడులో పత్తి మీద పురుగు విరుచుకుపడినప్పుడైతే, షెడ్డు ముందు పంపులు రోడ్డు దాకా బారులు తీరాయి. ఆ సీజనంతా ఆయన నిలబడే అన్నం తిన్నాడు.

ఆ ఏడాదే ఆయన కంట్లో ఒక సంగతి పడింది. బాగుచేసిన పంపు నడిపి చూపించడానికి పొలం వెళ్లినప్పుడల్లా, వారానికి మూడుసార్లు మందు తాగుతున్న పత్తి వడిలిపోయి కనిపించేది. అదే చేను గట్టు మీద, ఎవరూ పట్టించుకోని తంగేడు నిండా పసుపు పూసి నిక్షేపంలా ఉండేది.

"దీనికేం మందు కొట్టావు యలమందా?" అని అడిగాడు ఒకసారి, చేను గలాయన్ని.

"దానికి మందేంది సాయిబూ! దాని మొహం మేకలు కూడా చూడవు. అదట్టా ఉంటది, అంతే" అన్నాడు యలమంద.

ఆ మాట మాబు సాహెబ్ బుర్రలో ఎనిమిదేళ్లు నానింది.

రెండువేల అయిదు వేసవికి ఆయన సొంత ఇల్లు పూర్తయింది. ఊరి శివార్లలో పత్తిచేను కోసి ప్లాట్లు వేసిన చోట నాలుగున్నర సెంట్లు. పడమటి వాకిలి. ఇల్లు పోను ముందు ఇరవై అడుగుల జాగా, దక్షిణాన ఎనిమిదడుగుల సందు మిగిలాయి. కట్టించింది జానీబీ తమ్ముడు అబ్దుల్ ఖాదర్. మేస్త్రీ పనిలో చెయ్యి తిరిగిన మనిషి, మాట కూడా తాపీతో అద్దినట్టే ఉండేది.

"బావా, రేపు రెండు లోడ్లు కంకర తోలిస్తా. ముందు జాగా అంతా సిమెంటు పరిచేద్దాం. ఇది నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే చెప్పుకి అరకేజీ మట్టి పట్టుకుంటది. అక్క ఆ మట్టి తుడవలేక చస్తది."

"సిమెంటు వద్దురా. నేను తోట వేస్తున్నా."

"తోటా? సరే వెయ్యి. రెండు కుండీల్లో క్రోటన్లు, గేటుకి అటొకటి ఇటొకటి అశోక చెట్లు. మనూరి డాక్టరుగారింటికి నేనే వేయించా. ఎంత అందంగా ఉందో!"

"వాటికి మందు కొట్టాలి."

"నీ దగ్గర పంపులకి కరువా బావా?"

మాబు సాహెబ్ లేచి నిలబడ్డాడు. ఆయన మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు. "ఒరేయ్ ఖాదరూ, పాతికేళ్ల నించి పంపుల మధ్యనే బతుకుతున్నా. ఈ గేటు లోపలికి మాత్రం పంపు రాకూడదు. మందు కొట్టక్కర్లేని చెట్లే వేస్తా. మన గట్ల మీద, మన డొంకల్లో, వాటంతటవే బతికే చెట్లు."

ఖాదర్ అక్క వైపు చూశాడు. "విన్నావా అక్కా? మీ ఆయన డొంకని తెచ్చి నీ ఇంటి ముందు పెడతాడంట!"

తగువు తీర్చాల్సింది జానీబీయే. ఆమెకి సిమెంటంటే మోజు. చీపురు పెట్టి ఒక్క ఊపులో ఊడ్చుకోవచ్చు, మిరపకాయలు ఎండబోసుకోవచ్చు. కానీ మొగుడి మొహంలో అంత వెలుగు ఆమె చాలా ఏళ్లుగా చూడలేదు. పెళ్లిచూపుల్లో కూడా చూడలేదని తర్వాత కూతురితో చెప్పింది.

"రంజాన్ పండగ దాకా టైమిస్తున్నా" అంది. "పండగనాడు సేమ్యా తినడానికి వచ్చినోళ్లు కాళ్లకి మట్టంటకుండా నా గడప దాకా రావాలి. వాకిలి పచ్చగా ఉండాలి. ఆ రెండూ కుదిరితే తోట నీది. కుదరకపోతే ఆ మర్నాడే సిమెంటు. ఇంకోటి, గేటు పక్కన నాకు గోరింట కావాలి. పండక్కి గోరింటాకు కోసం ఏటా ఇల్లిల్లూ తిరగలేకపోతున్నా."

"గోరింట కూడా మందడగదు!" అన్నాడు మాబు సాహెబ్, గెలిచేసినట్టే.

ఆ మర్నాటి నుంచీ షెడ్డులో పంపుల మాట తక్కువ, చెట్ల మాట ఎక్కువ అయింది. పంపు తెచ్చిన ప్రతి రైతునీ ఆయన ఒకే ప్రశ్న అడిగేవాడు. "మీ గట్టు మీద ఏముంది? నీళ్లు పెట్టకుండా ఎండాకాలం ఎట్టా గడుపుద్ది? ఎంతెత్తు లేస్తది?" వాషరు మార్చుకోవడానికి వచ్చిన వాళ్లు అరగంట సేపు వావిలి గురించి చెప్పి వెళ్లేవారు. ఒకాయన తడి గోనెలో చుట్టి వాక్కాయ మొక్కలు తెచ్చాడు. ఇంకొకాయన తంగేడు గింజలు అగ్గిపెట్టెలో పోసి తెచ్చాడు. యలమంద మోటారుసైకిలు వెనక కానుగ మొక్కని కట్టుకుని, దారిలో ప్రతి ఊళ్లోనూ "ఏంది, సాయిబుకి కట్నమా?" అనిపించుకుంటూ వచ్చాడు. ఖాళీ పాల ప్యాకెట్లలో మట్టి నింపి, షెడ్డు వెనక నీడలో మాబు సాహెబ్ వాటికి బడి పెట్టాడు.

ఇంటర్ చదువుతున్న కూతురు సిద్దికా గ్రాఫు కాగితం మీద ప్లాను గీసింది. గడి ఒక అడుగు. కానుగకి ఆకుపచ్చ సున్నా, తంగేడుకి పసుపు సున్నా. మాబు సాహెబ్ కాగితాన్ని నిలువునా, అడ్డంగా తిప్పి చూశాడు.

"బానే ఉందమ్మా. కానీ దీంట్లో నేనెక్కడ నిలబడాలి?"

"ఇక్కడ నాన్నా, ఈ గడిలో."

"ఆ గడిలో నా బొటనవేలు కూడా పట్టదు."

అప్పుడాయనకి బావమరిది తమ ఇల్లు మొదలుపెట్టిన రోజు గుర్తొచ్చింది. పునాదికి ముందు మేస్త్రీలు నేల మీద సున్నంతో గీతలు పోస్తారు, దాన్నే ముగ్గు పోయడం అంటారు. ఆ ముగ్గులో నిలబడి జానీబీ "ఇది వంటిల్లా? ఇంతేనా?" అని పోట్లాడి రెండడుగులు పెంచుకుంది. గోడలకి ముగ్గు పోసినప్పుడు చెట్లకి ఎందుకు పోయకూడదు?

ఖాదర్‌ని పిలిచాడు. ఖాదర్ నవ్వి, తల కొట్టుకుని, చివరికి సున్నం డబ్బా పట్టుకున్నాడు. కానుగ ఉండాల్సిన చోట బిందె పెట్టారు. తంగేళ్లకి మూడు చెంబులు, వాక్కాయ వరసకి ఇటుకలు. రేల చెట్టుకి తిరగలి పైరాయి. వావిలికి సిద్దికా నిలబడింది.

"బిందె గోడకి దగ్గరైంది బావా" అన్నాడు ఖాదర్. ఈసారి వేళాకోళం లేదు. "రేగడి నేలలో చెట్టు గోడ పక్కనుంటే చెమ్మంతా తాగేస్తది. నేల కుంగుద్ది, గోడ నెర్రిస్తది. రోడ్డు వైపు జరుపు."

బిందె జరిగింది. ఇక నీడ సంగతి చూడాలి. పొడుగాటి వెదురుకి పాత దుప్పటి కట్టి, బిందె పక్కన నిలబెట్టి, సాయంత్రం నాలుగింటి ఎండకి దాని నీడ ఎక్కడ పడుతుందో చూశారు. నీడ వరండా మెట్టు దాటి తలుపుని తాకింది. "తగిలింది! తగిలింది!" అని మాబు సాహెబ్ వెదురు పట్టుకునే గెంతాడు. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసి, జానీబీని ఏం జరిగిందని అడిగారు.

"ఏం లేదు, మా కానుగ చెట్టు నీడ చూస్తున్నాం" అంది జానీబీ.

"చెట్టేది?"

"ఇంకా రాలేదు. నీడొచ్చింది."

జూన్‌లో తొలి వాన పడగానే ముగ్గు చెరిగిన చోటల్లా మొక్కలు దిగాయి. మొత్తం ఇరవై ఆరు. అవి కాక గేటు పక్కన ఆరు గోరింట కొమ్మలు. ఇల్లు పరవగా మిగిలిన నాపరాయి ముక్కల్ని గేటు నుంచి గడప దాకా ఇసక మీద అడుగుకొకటి పరిచి, రాళ్ల మధ్య గరిక అతికించాడు. జాగాలో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల ఇంకుడు గుంత తవ్వి ఇటుక ముక్కలు నింపాడు. పొద్దున లేవగానే ఆయన మొదటి పని మొక్కల్ని లెక్కపెట్టుకోవడం. ఇరవై ఆరూ అక్కడే ఉండేవి. అయినా మళ్లీ లెక్కపెట్టేవాడు.

ఆగస్టులో వాన ముఖం చాటేసింది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. అదే సమయానికి మిరప నారు మళ్లు, పత్తి మందులు మొదలై షెడ్డులో పంపులు పోగుపడ్డాయి. బాగుచేసిన ప్రతి పంపులోనూ నీళ్లు పోసి, ధార సరిగా వస్తుందో లేదో చూసి మరీ ఇవ్వడం ఆయన పద్ధతి. అలా రోజూ ఏడెనిమిది బిందెల నీళ్లు షెడ్డు ముందు రోడ్డు తాగుతోంది. ఇంటి దగ్గర మొక్కలేమో ఆకులు వాల్చి చూస్తున్నాయి.

ఒక సాయంత్రం ఆయన ఆగలేకపోయాడు. మందు కాదు కదా, నీళ్లేగా! రెండుసార్లు నీళ్లతో తొలిచిన పంపు ఒకటి సైకిలుకి కట్టుకుని ఇంటికొచ్చాడు. గేటు లోపలికి పంపు వచ్చింది. సన్నటి తుంపర మొక్కల నెత్తిన పడుతుంటే, సాయంకాలపు ఎండ అందులో మెరుస్తుంటే, పాతికేళ్లుగా ఆ పంపులు ఈ పని కోసమే కాసుకుని ఉన్నాయా అనిపించింది ఆయనకి. వారం రోజులు అలా గడిచాయి. మొక్కలు కళకళలాడాయి. ఎనిమిదో రోజు యలమంద తన పంపు బాగుకి తెచ్చాడు. ఆ సాయంత్రం మాబు సాహెబ్ సైకిలెక్కి ఇంటికొచ్చింది అదే.

మర్నాడు మధ్యాహ్నానికి గోరింటాకుల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. ఎండదెబ్బ అనుకున్నాడు. మూడో రోజుకి ఆకులన్నీ అప్పడాల్లా మాడిపోయాయి. ఇరవై ఆరు మొక్కలూ అంతే. వావిలి కూడా. మందడగదని ఆయన ఎంచి తెచ్చుకున్న తంగేడు కూడా.

మాబు సాహెబ్ వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. పండగ ఇంకా రెండు నెలల పైమాటే, కానీ పచ్చగా చూపించడానికి ఏముందని? జానీబీ చాట కింద పెట్టి వచ్చి, వరండా మూలనున్న పంపు మూత తీసి వాసన చూసింది. వెంటనే మొహం తిప్పేసుకుంది.

"ఏందయ్యా ఇది! గడ్డిమందు కంపు కొడుతుంది."

"పురుగుమందు పంపే. రెండుసార్లు తొలిచా. నాకేం వాసన రాలేదు."

"నీకెప్పుడొచ్చింది గనక!"

ఆయన పంపు ఎత్తుకుని సైకిలు మీద యలమంద పొలానికి పోయాడు. యలమంద నాలిక కరుచుకున్నాడు. "మొన్న గట్లకి గడ్డిమందు కొట్టింది దీంతోనే సాయిబూ. కడిగాననుకున్నా. గొట్టంలో మిగిలుంటది."

మాబు సాహెబ్‌కి యలమంద మీద కోపం రాలేదు. పంపు గేటు దాటించింది తన చేతులే. పేటకి తిరిగొచ్చేసరికి జానీబీ ఇంకా బియ్యం చెరుగుతోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఊళ్లో అందరి పంపులూ బాగుచేసి, చివరికి మన ఇంటి మీదే కొట్టుకున్నావా?" అని ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆయన నవ్వలేదు. అది చూసి ఆమె నవ్వు ఆపింది. "ఖాదర్‌కి చెప్పమాకు. వాడు రేపే కంకర తోలిస్తాడు."

ఖాదర్‌కి చెప్పక్కర్లేకపోయింది. ఆ ఆదివారం వచ్చి, చూసి వెళ్లి, పది సిమెంటు బస్తాలు తెచ్చి వరండాలో పేర్చాడు. "తొందరేం లేదు బావా. పండగ మర్నాడే" అన్నాడు. ఆ మంచితనం మాబు సాహెబ్‌ని ఇంకా ఎక్కువ బాధపెట్టింది.

వారం తర్వాత యలమంద వచ్చాడు. మాడిన వాకిలంతా తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని తంగేడు మొదలు గోటితో గీకాడు.

"ఎందుకట్టా మొహం వేలాడేశావు? ఇది మాడ్చే రకం మందు. ఆకు మాడుస్తది గానీ వేరు దాకా పోదు. పైగా నువ్వు కొట్టింది నీళ్లలో కలిసిన రవ్వంత. నేను మా గట్టు మీద ఈ తంగేటిని ప్రతేడూ చంపుతున్నా. ప్రతేడూ లేస్తానే ఉంది. నువ్వు ఒక్కసారి కొట్టి దీన్ని చంపుదామనుకుంటే ఎట్టా?"

మాబు సాహెబ్ తనూ వంగి చూశాడు. గోరు గీకిన చోట, ఎండిన బెరడు కింద, సన్నటి పచ్చటి గీత. ఆయన లేచి పరుగులాంటి నడకతో ఇంట్లోకి పోయి కత్తెర తెచ్చాడు. ఆ సాయంత్రం తండ్రీ కూతురూ ఇరవై ఆరు మొక్కల్నీ, గోరింటనీ జానెడు ఉంచి కత్తిరించారు. పంపులన్నీ షెడ్డుకే పరిమితమయ్యాయి. నీళ్లు బిందెలతో, చెంబులతో, జానీబీ బియ్యం కడిగిన గిన్నెతో వచ్చాయి.

సెప్టెంబరులో వానలు తిరిగొచ్చాయి. మొదట లేచింది వావిలి. ఆ తర్వాత కానుగ కణుపు దగ్గర రాగి రంగులో ఒక చిగురు పొడిచింది. "నాన్నా, పద్నాలుగు!" అని సిద్దికా కాలేజీకి పోతూ గేటు దగ్గర్నించి కేకేసేది. సాయంత్రం వచ్చేసరికి "పదహారు!" అని ఆయన షెడ్డు నుంచి వస్తూనే ఎదురు కేక. షెడ్డుకొచ్చే రైతులు కూడా పంపు దించకముందే "ఎన్ని లేచినయ్ సాయిబూ?" అని అడిగేవారు. అక్టోబరు వచ్చేసరికి ఇరవై మూడు. రేల, రెండు వాక్కాయలు లేవలేదు. వాటి చోటు ఖాళీగానే ఉంచి, చుట్టూ మళ్లీ సున్నం గీతలు పోశాడు.

గోరింట అన్నిటికంటే ఆలస్యం. ఆరు కొమ్మల మొదళ్లు మాడిన పుల్లల్లా ఉండిపోయాయి. జానీబీ రోజూ వంటకి ముందు ఒకసారి, వంటయ్యాక ఒకసారి వెళ్లి చూసేది. చూడనట్టు చూసేది. రంజాన్ ఉపవాసాలు మొదలైన వారానికి, ఆమె పొద్దున్నే "ఏమయ్యా, ఇట్టా రా!" అని అరిచిన అరుపుకి, మాబు సాహెబ్ పాము అనుకుని కర్రతో వచ్చాడు. ఆరు మొదళ్లకీ బియ్యపు గింజలంతేసి చిగుళ్లు కమ్ముకుని ఉన్నాయి.

పండగ ముందురోజు మధ్యాహ్నం వీధిలో ఆడపిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చారు. గోరింట అప్పటికి మోకాలెత్తుంది, అంతా కొత్త ఆకే. జానీబీ గేటు దగ్గర పోలీసులా నిలబడి, కొమ్మకి ఇన్ని ఆకులని చెప్పి కోయించింది. సాయంకాలం మొగుణ్ణి కూర్చోబెట్టి, వద్దంటున్నా వినకుండా చిటికెన వేలికి ముద్ద పెట్టింది. అది ఎంత ఎర్రగా పండిందంటే, షెడ్డుకి వాషర్లు అమ్మడానికి వచ్చే కుర్రాళ్లు తర్వాత వారం రోజులు ఆయన్ని "పెళ్లికొడకా" అని పిలిచారు.

పండగనాడు తెల్లవారేసరికి వాన వెలిసింది. నమాజయ్యాక అబ్దుల్ ఖాదర్ తెల్ల పైజమా, లాల్చీ వేసుకుని, కొత్త చెప్పులతో, పెళ్లాం పిల్లలతో వచ్చాడు. వీధంతా నల్లటి పేస్టులా ఉంది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక్కో చెప్పూ ఇటుకంత అయింది. గేటు బయటే రాయికేసి చెప్పులు గీరి, లోపలికి అడుగుపెట్టాడు. మొదటి నాపరాయి, రెండోది, మూడోది. రాళ్ల మధ్య గరిక కడిగినట్టు మెరుస్తోంది. నీళ్లన్నీ ఇంకుడు గుంత వైపు జారిపోయాయి. గడప దగ్గర ఆగి, ఒక కాలు ఎత్తి అడుగు చూసుకున్నాడు. తర్వాత రెండోది చూసుకున్నాడు. అందరూ ఆ కాళ్లనే చూస్తున్నారు.

"ఏందిరా, చూసింది చాలా?" అంది జానీబీ, సేమ్యా గిన్నెతో.

"చాలక్కా." ఖాదర్ వరండాలో సిమెంటు బస్తాల వైపు తల ఊపాడు. "మరి ఇవి?"

"బురద వీధిలో ఉంది. నీ సిమెంటంతా అక్కడ పొయ్యి. నా వాకిట్లోకి తెచ్చావంటే ఊరుకోను."

"నీ వాకిలా? తోట బావది గదా?"

"గోరింట నాది" అంది జానీబీ. "మిగతావి ఆయనవి."

మాబు సాహెబ్ ఆ మాట విన్నాడో లేదో తెలియదు. ఆయన అప్పటికే సున్నం డబ్బా పట్టుకుని దక్షిణపు సందులో ఉన్నాడు. ఎనిమిదడుగుల వెడల్పు, మధ్యాహ్నం దాకా ఎండ, గోడకి దూరంగా పెంచితే పొగడ పడుతుంది, కింద నీడలో ఏం వెయ్యొచ్చో యలమందని అడగాలి.

"నాన్నా, ముందు సేమ్యా తిను!" అని సిద్దికా పిలిచింది.

"వస్తున్నా. అట్టా వచ్చి పొగడ చెట్టులాగా ఒక్క నిమిషం నిలబడమ్మా."

"ఏమయ్యా, కొత్త లుంగీ!" అని జానీబీ అరిచేలోపు, మొదటి తెల్లగీత తడి రేగడి మీద పడనే పడింది.